శూన్యవాదం నమ్మబుద్ధి కావట్లేదా? ముందు ఆ 20 కారికలు చదవండి

ఏ వస్తువూ తనంతట తాను నిలబడదు, దేనికీ సొంత స్వభావం లేదు అనే శూన్యవాదం చెప్పిన బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి పేరు ఎత్తితే చాలు, ఎవరో ఒకరు దిగిపోతారు: "అన్నీ శూన్యమైతే నీ మాటా శూన్యమేగా, ఇంక దాంతో ఏం నిరూపిస్తావ్?" అడిగినాయనకి అక్కడితో గెలిచేసినట్టే. నాకూ శూన్యవాదం పూర్తిగా మింగుడుపడదు, కానీ ఈ ప్రశ్న వల్ల కాదు. ఎందుకంటే ఈ ప్రశ్న నాగార్జునుడే రాసిపెట్టాడు. ఆయన రాసిన విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో 70 కారికలుంటే (కారిక అంటే చిన్న శ్లోకం) మొదటి 20 ప్రత్యర్థి అభ్యంతరాలే, వాటిలో మొట్టమొదటిది ఇదే.

అందుకని టైప్ చేసే ముందు మీ అభ్యంతరం ఆ 20లో ఉందేమో చూడండి. ఉంటే దాన్నే మళ్లీ విసరకుండా, ఆయనిచ్చిన జవాబుని పట్టుకోండి. జవాబు ఇదీ: నా మాట కూడా కారణాల వల్ల పుట్టిందే, దానికీ సొంత స్వభావం లేదు, ఒప్పుకుంటా; అయితే బండికీ కుండకీ బట్టకీ కూడా అది లేదు, అయినా బండి కట్టెలు మోస్తోంది, కుండలో నీళ్లు నిలుస్తున్నాయి, బట్ట చలి ఆపుతోంది, అలాగే నా మాటా దాని పని అది చేస్తుంది. ఇప్పుడు దీన్ని కొట్టండి చూద్దాం. అంత సులువు కాదు.

ఇంకోటి, శూన్యవాదాన్ని సమర్థించే అవతలివాళ్ల వాదాన్ని మీ మాటల్లో చెప్పి "మీరనేది ఇదేనా?" అని అడగండి. "ఏదీ లేదంటున్నారు" అని రాస్తే ఎవరూ ఔననరు, ఎందుకంటే వాళ్లు అనేది అది కాదు. కారణాలతో, భాగాలతో సంబంధం లేకుండా తనంతట తాను నిలబడే వస్తువు ఏదీ లేదన్నది వాళ్ల మాట. వాళ్లు ఔనన్నాకే మీ వంతు. (బౌద్ధం వల్లే దేశం పాడైందనే చర్చ ఇక్కడికి లాక్కురావద్దు, అది వేరే గొడవ.) వాళ్లవైపు నుంచి "అనుభవంలోకి వస్తే తెలుస్తుంది" అని వస్తే మాత్రం మొహమాటపడక్కర్లేదు, ఎగతాళి చేయకుండానే అది వాదన కాదని చెప్పేయండి.

అనుమానించడానికి అసలు చోటు 29వ కారిక అని నా లెక్క. నాకంటూ ప్రతిజ్ఞే (అంటే నిరూపించాల్సిన ప్రతిపాదనే) లేదు, కాబట్టి దోషమూ లేదంటాడు అక్కడ. అన్ని కారికలు రాసి, అంతమందికి జవాబు చెప్పి, నేనేమీ ప్రతిపాదించలేదంటే ఎలా? సొంత స్వభావం ఉన్న ప్రతిజ్ఞ లేదన్నాడంతే అని సమర్థించేవాళ్లున్నారు. అలా చదివితే నా అభ్యంతరం సగం పోతుంది, మిగతా సగానికి జవాబు తెలిసినవాళ్లు చెప్పండి.