తుపాను హెచ్చరికకు మార్కులు వేద్దాం – 3వ పాఠం: గంటల లెక్క

తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్నారు, ఎక్కడ దాటింది? ఆ తేడాను కిందటి పాఠంలో కిలోమీటర్లలో కొలిచాం. తేడా తక్కువ వచ్చిందని హెచ్చరిక బాగా పనిచేసిందని రాసేయకండి. అది అంచనాకు పడే మార్కు. హెచ్చరికను గంటల్లో కొలవాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానును తీసుకుందాం. 24 గంటల ముందే హెచ్చరిక వచ్చిందనుకోండి. వినడానికి బోలెడంత టైమ్. ఇప్పుడు కాగితం మీద గీత గీసి, కుడి చివర ఉదయం 5 అని వేసి వెనక్కి రండి. కరెంటు లేని చీకట్లో, గాలివానలో ముసలివాళ్లను, చంటిపిల్లలను షెల్టరుకు నడిపించలేం. కాబట్టి ముందురోజు సాయంత్రం 6 దాకా 11 గంటలు కొట్టేయండి. మిగిలింది 13. కబురు కలెక్టరేట్ నుంచి తహసీల్దారుకు, వీఆర్వోకు, ఊళ్లో మైకుకు చేరడానికి పట్టిన సమయం కూడా తీసేస్తే, ఊరికి నిజంగా దక్కిన వ్యవధి తేలుతుంది.

ఈ చివరి అంకె ఏ రికార్డులోనూ ఉండదు, ఊళ్లోనే అడగాలి. "ఎన్నింటికి తెలిసింది?" అంటే నోటికొచ్చిన టైమ్ చెబుతారు. "కబురు తెలిసేసరికి పశువులు ఇంటికొచ్చాయా? పొయ్యి వెలిగించారా?" అని అడగండి, లెక్క దొరుకుతుంది.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కూలిన కొబ్బరి, జీడి తోటల నష్టాన్ని ఈ ఖాతాలో వేయొద్దు. చెట్టును షెల్టరుకు తరలించలేం కదా.

అసలు చిక్కు కొండల్లో ఉంది. ఇదే తుపానులో ఒడిశాలోని గజపతి జిల్లా బరఘరలో కొండచరియలు విరిగిపడి పది మందికి పైగా చనిపోయారు. అది సముద్రపు ఒడ్డు కాదు, చంపింది గాలీ కాదు, కుండపోత వాన. వాతావరణ శాఖ నాలుగు దశల హెచ్చరికల్లో చివరిది ఇలాంటి లోపలి ప్రాంతాల కోసమే: తీరం దాటాక తుపాను ఎటు వెళ్తుందో, అక్కడ వాతావరణం ఎలా ఉంటుందో, తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందే చెప్పాలి. కొండ ఊళ్లకు ఆ కబురు ఎప్పుడు చేరిందో విడిగా గీత గీయాలి. తీరానికీ కొండకూ కలిపి సగటు తీస్తే ఇలాంటి ఊరు మాయమైపోతుంది.

అభ్యాసం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మధ్యాహ్నం వేళ విశాఖ దగ్గర తీరం దాటింది. ఇదే గీత గీయండి. ఈసారి చీకటితో పాటు, ఆ ఉదయం ఈదురుగాలికి బయట కాలు పెట్టలేని గంటలు కూడా కొట్టేయండి. సముద్రంలో ఉన్న పడవలకు ఇంకో గీత కావాలి. అది 4వ పాఠంలో.