కారులో గలగల: వెతుకులాట ముందు, ఖర్చు తర్వాత

మా కారులో మూడు నెలలపాటు ఒక టిక్కుటిక్కు వినిపించేది, అదీ గతుకుల్లో మాత్రమే. డాష్‌బోర్డు లోపల ఏదో క్లిప్పు విరిగిందని నాకు నేనే తీర్మానించుకుని, మొత్తం విప్పించేద్దామనుకున్నాను. ఒకరోజు వెనక కూర్చున్న మా అమ్మాయి, "నాన్నా, ఇవాళ ఆ చప్పుడు రావట్లేదేంటి?" అంది. ఎలా వస్తుంది? రోజూ ఖాళీగా వేలాడుతూ పక్కనున్న ప్లాస్టిక్‌ను కొట్టే సీటుబెల్టు బిళ్ళ ఆ రోజు తన నడుము పక్కన బిగించి ఉంది.

చప్పుడు అద్దాలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి వెనక పుట్టింది ముందు పుట్టినట్టే ఉంటుంది. అందుకే చప్పుడు ఆపే టేపులూ అవీ కొనేముందు కారు ఖాళీ చేయండి. గ్లవ్‌బాక్సు, డోర్ అరలు, కళ్ళజోడు పెట్టుకునే అర, సీట్ల కింద, అన్నీ. నాకు సీటు పట్టాల సందులో ఒక పెన్ను మూత, రెండు నాణేలు దొరికాయి. డిక్కీలో కార్పెట్ ఎత్తి జాకీకి, వీల్ పానాకి పాత తువ్వాలు చుట్టండి. స్టెప్నీని పట్టి ఉంచే మర వదులుగా ఉంటే బిగించండి. మా కారులో సగం గోల ఇక్కడే పోయింది, పైసా ఖర్చు లేకుండా.

మిగతాది వెతకడానికి ఇద్దరుండాలి, ఒకరు నడపడానికి, ఒకరు వినడానికి. నడిపే మనిషే చెవి ఒగ్గి వెతికితే రోడ్డు మీద చూపుండదు. పాటలు, ఏసీ ఆపి, అద్దాలు ఎక్కించి, గతుకుల్లో నెమ్మదిగా వెళ్ళాలి. అనుమానమున్న చోట అరచేత్తో నొక్కండి. చప్పుడు ఆగిందా, దొంగ దొరికినట్టే. రెండు ప్లాస్టిక్‌లు రాసుకునే అంచుకి ఫెల్ట్ టేపు (ఒకవైపు జిగురున్న మెత్తటి గుడ్డ పట్టీ) ముక్క చాలు. నంబర్ ప్లేటు వెనక చిన్న స్పాంజ్ ముక్క. బానెట్ అదురుతుంటే మూలల్లో ఉండే రబ్బరు గుబ్బలను కాస్త తిప్పి పైకి తేవాలి. అయితే అద్దాల పక్కన కప్పును మోసే స్తంభాల మీది ప్లాస్టిక్‌ను మాత్రం లాగకండి, చాలా కార్లలో దాని వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.

కారు ఆపి న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కినా జిర్రుమంటోందంటే దానికీ రోడ్డుకీ సంబంధం లేదు. సైలెన్సర్ గొట్టం దగ్గర వేడి తగలకుండా పెట్టే పల్చటి రేకు వదులైందేమో చూపించండి. కింద నుంచి ధడ్‌ధడ్‌మనే మోత, బ్రేకు వేస్తే గరగర, ఇవి టేపుతో కప్పే సంగతులు కావు. మెకానిక్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఇక రోడ్డు హోరు. ఇందులో పెద్ద ముద్దాయి టైరు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి, ఎంతుండాలో డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కరు మీద ఉంటుంది. తర్వాత టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాయండి. ఒకవైపు నున్నగా, వెనక్కి రాస్తే రంపంలా తగిలితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, తేడా ఉన్నట్టు. అలా అరిగిన టైరు కొత్తదైనా హోరెత్తిస్తుంది. టైరు పక్కన డాట్ అనే గుర్తు ఉన్న వరస చివర నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. పాతబడి గట్టిపడ్డ రబ్బరుకి చప్పుడెక్కువ. వేగంతో పెరిగే మూలుగు మలుపులో ఎక్కువో తక్కువో అయితే చక్రం సాఫీగా తిరగడానికి ఉండే వీల్ బేరింగ్‌ని అనుమానించాలి.

గాలి ఈల వేస్తుంటే డోర్ బీడింగ్, అంటే డోరు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, చూడండి. డోరు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. బిగువు లేకుండా జారి వచ్చేసిన చోటే గాలి దూరుతున్నట్టు. బీడింగ్ తుడిచి, ఆరాక, పల్చగా సిలికాన్ గ్రీజు రాయండి. ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఇవన్నీ అయ్యాకే బ్యూటైల్ షీట్ల జోలికి, అంటే కారు రేకుకి లోపలివైపు అంటించే జిగురు రబ్బరు షీట్ల జోలికి వెళ్ళాలి. రేకు మీద వేలితో కొడితే "టంగ్" మంటుంది కదా, మధ్యలో ఒక ముక్క అంటిస్తే "డప్" అంటుంది. షీటు పని ఆ అదురు ఆపడమే. కాబట్టి రేకులో నాలుగోవంతు కప్పితే చాలావరకు సరిపోతుంది. నేనేమో మొదటి డోరు మొత్తం కప్పేసి షీట్లు దండగ చేశాను. పైగా ఒక మూల జిడ్డు తుడవకుండా అంటించాను. ఎండకి అది ఊడి, అద్దం దించినప్పుడల్లా రాసుకుంటూ ఒక కొత్త చప్పుడు మొదలుపెట్టింది! స్పిరిట్‌తో తుడిచి, రోలర్‌తో గట్టిగా నొక్కాలి. ఇళ్ళ కప్పులకు వేసే తారు షీట్లు చవకని తేకండి, ఎండలో వాసన భరించలేం. డిక్కీ నేల, వెనక చక్రాల పైభాగం తేలిక కాబట్టి అక్కడ మొదలుపెట్టండి.

డోరు అడుగున నీళ్ళు పోవడానికి సన్నటి కంతలుంటాయి, వాటి మీద షీటు పడనివ్వకండి. వాన వెలిశాక డోరు ఊపితే లోపల గలగలమంటే కంత మూసుకుపోయినట్టు. అలా అయితే ముందు దాన్ని తెరిచి నీళ్ళు పోనివ్వండి, లేకపోతే లోపల్నుంచి తుప్పు పడుతుంది.