విమానం, వాతావరణం - 4వ పాఠం: నలభై రెండు సెకన్ల లెక్క

ఒక కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని గత పాఠంలో చూశాం. ఈసారి ఆ సంఖ్యను శంషాబాద్ రన్‌వే మీదికి తీసుకువెళ్లి, టేకాఫ్ వేళ ఏ కాలుష్యానికి ఏది విరుగుడో లెక్క కట్టి తేల్చుకోవడం నేర్చుకుందాం.

ఇంజిన్ల ఉద్గారాలను కొలవడానికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఒక ప్రామాణిక చక్రాన్ని నిర్ణయించింది. అందులో పూర్తి శక్తితో టేకాఫ్‌కు 0.7 నిమిషం, అంటే 42 సెకన్లు. 7 శాతం శక్తితో నేల మీద తిరగడానికి 26 నిమిషాలు, వాటిలో బయలుదేరేటప్పటివి 19. రెండు ఇంజిన్ల విమానంలో ఒక్కో ఇంజిన్ టేకాఫ్‌లో సెకనుకు 1.2 కిలోలు, నేల మీద 0.11 కిలోలు తాగుతుందనుకోండి. టేకాఫ్‌కు 42 × 1.2 × 2, సుమారు 101 కిలోలు. రన్‌వే చేరడానికి 1,140 × 0.11 × 2, సుమారు 251 కిలోలు. చెవులు దిమ్మెక్కించే పరుగు కన్నా, నత్తనడకే రెండున్నర రెట్లు మింగుతోంది! మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు దశాంశ బిందువు తప్పు పెట్టాననుకుని నేను మళ్లీ చేశాను.

కనుక కార్బన్ తగ్గాలంటే ఒకే ఇంజిన్‌తో రన్‌వే దాకా వెళ్లడం మేలు. అయితే ఇంధన ఖర్చు సగానికి పడిపోదు. రెండో ఇంజిన్‌ను టేకాఫ్‌కు ముందే కొన్ని నిమిషాలు నడిపి వేడెక్కనివ్వాలి.

నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి వేరు. దహన గది ఎంత వేడెక్కితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అంతగా కలుస్తాయి. అందుకే బరువు తక్కువగా, రన్‌వే పొడవుగా ఉన్నప్పుడు పైలట్ బయటి గాలి అసలు ఉష్ణోగ్రత కన్నా ఎక్కువ ఉష్ణోగ్రతను కంప్యూటర్‌కు ఇచ్చి, ఇంజిన్ అంత వేడికి తగిన బలమే ఇచ్చేలా చేసి, గరిష్ఠంగా 25 శాతం వరకు థ్రస్ట్ (విమానాన్ని ముందుకు తోసే బలం) తగ్గించుకుంటాడు. శంషాబాద్‌లో 4,260 మీటర్ల రన్‌వే ఇందుకు అనుకూలం. సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తు, మే నెల ఎండ వల్ల పలచబడే గాలి ప్రతికూలం. వానకు రన్‌వే మీద నీరు నిలిస్తే ఈ పద్ధతి వాడకూడదు. ఇందులో ఒక మెలిక ఉంది: విమానం నెమ్మదిగా ఎత్తుకు చేరుతుంది గనుక మొత్తం ఇంధనం కాస్త పెరగవచ్చు. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఉపాయం కార్బన్‌నూ తగ్గిస్తుందని అనుకోవద్దు.

అభ్యాసం: పై విమానం 19 నిమిషాలకు బదులు 12 నిమిషాల్లోనే రన్‌వే చేరితే ఎంత ఆదా?

జవాబు: 420 × 0.11 × 2, సుమారు 92 కిలోల ఇంధనం. దాన్నిబట్టి సుమారు 292 కిలోల కార్బన్ డయాక్సైడ్.