మా ఇంటికి రావాలంటే ముందు బస్సు టైము చెప్పండి

తిథి చూసుకోకుండా వచ్చేవాడే అతిథి అంటారు. నాకది సరిపడదండీ. మా ఇంటికొచ్చేవాళ్ళు తిథి, వారం, ఏ బస్సెక్కారో కూడా చెప్పి రావాలి.

మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్ళే 216 జాతీయ రహదారి మా పక్కనుంచే పోతుంది. కలకత్తా వైపు నుంచి సైకిళ్ళ మీద దిగేవాళ్ళు ఈ దారిన కనిపిస్తూంటారు. నాలుగేళ్ళ క్రితం మా పెద్దాడు నన్ను అడగనైనా అడక్కుండా మా ఇంటిని వార్మ్‌షవర్స్‌లో పెట్టేశాడు. అది సైకిల్ యాత్రికుల కోసం నడిచే సైటు. అప్పట్నుంచి ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి మా వసారా గదిలో పడుకుని వెళ్తున్నారు. డబ్బులు తీసుకోం. ఇలా ఊళ్ళలో ఇళ్ళల్లో ఉండాలనుకునేవాళ్ళు ఏం చేయాలో, వండిపెట్టేదాని వైపు నుంచి చెబుతాను.

సైకిల్ లేనివాళ్ళకు ఇలాగే ఇళ్ళల్లో ఉచితంగా చోటు చూపించే కౌచ్‌సర్ఫింగ్ సైటు ఉంది, 2004లో మొదలైంది. 2020 నుంచి చాలా దేశాల్లో సభ్యుల దగ్గర చందా తీసుకుంటున్నారు. చందా వద్దనుకుంటే బీవెల్‌కమ్ ఉంది, వాలంటీర్లు నడిపేది, పూర్తిగా ఉచితం. అన్నిటికంటే పాతది సర్వాస్, 1949 నాటిది. అందులో చేరాలంటే ముందు ఇంటర్వ్యూ చేస్తారు. ఏది ఎంచుకున్నా ప్రొఫైల్లో మొహం కనపడే ఫొటో పెట్టండి. నల్ల కళ్ళద్దాలతో కొండెక్కిన ఫొటో చూసి మా అత్తగారు తలుపు తియ్యరు. కొత్తగా చేరినవాళ్ళకు రిఫరెన్సులు ఉండవు కదా, ముందు మీ ఊళ్ళోనే ఒకరిద్దరికి చోటివ్వండి. వాళ్ళు రాసిన నాలుగు మాటలే మీకు పూచీ.

ఇక అడగడం. మెసేజ్‌లో మీ జీవిత చరిత్ర అక్కర్లేదు. నాకు నచ్చిన మెసేజ్ ఇలా ఉంటుంది: ‘నమస్తే అండీ, మేం ఇద్దరం, అన్నాచెల్లెళ్ళం. శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా పాలకొల్లు నుంచి బస్సులో వస్తాం. ఆదివారం పొద్దున్నే వెళ్ళిపోతాం. చెల్లి చేపలు తినదు, నేను అన్నీ తింటాను. వీలుకాకపోతే మొహమాటపడకుండా చెప్పండి.’ ఎంతమంది, ఎప్పుడు, ఎలా వస్తారు, ఎప్పుడు పోతారు, ఏం తింటారు. ఈ అయిదూ ఉంటే చాలు.

ఏం తింటారన్నది ఎందుకింత పట్టుకున్నానంటే, ఒకబ్బాయి ‘ఏదైనా పర్లేదు ఆంటీ’ అని రాశాడు. మా వారు పొద్దున్నే వెళ్ళి పీతలు తెచ్చారు. అవి బాగుచేసి ఇగురు పెట్టేసరికి నా వేళ్ళు గీసుకుపోయాయి. అతను రాత్రి తొమ్మిదిన్నరకు దిగి, గిన్నె మూత తీసి చూసి, ‘నేను గుడ్డు కూడా తిననండీ’ అన్నాడు. అప్పటికి కరెంటు లేదు. టార్చి వెలుతురులో వంకాయలు తరిగాను. వండుకున్నమ్మకు ఒక కూర, అడుక్కున్నమ్మకు ఆరు కూరలు అని ఊరికే అనలేదు.

దారి సంగతి. రాజోలుకీ, అమలాపురానికీ రైలు లేదు. రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సులో రావాలి. గోదారి అవతలి ఒడ్డు నుంచైతే పాలకొల్లులో రైలు దిగి చించినాడ వంతెన దాటొచ్చు. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద, రావడం సరదాయే కానీ, చీకటి పడ్డాక దాన్ని నమ్ముకోకండి. జులై, ఆగస్టుల్లో గోదారి పొంగితే లంక గ్రామాలు నీళ్ళలో ఉంటాయి, అప్పుడు మాకే దిక్కుండదు. సంక్రాంతికి అసలు అడగొద్దు. కూతుళ్ళూ అల్లుళ్ళూ వచ్చి మేమే హాల్లో చాపలేసుకుంటాం.

ఆడపిల్లలు ఒంటరిగా వచ్చేటప్పుడు, ఆ ఇంట్లో అంతకుముందు ఉన్న ఆడవాళ్ళు రాసినవి చదవండి, ఇంట్లో ఎవరెవరు ఉంటారో అడగండి. అడిగినందుకు మొహం మాడ్చుకునే ఇల్లు మీకు వద్దు. అడ్రసు మీవాళ్ళకు పంపండి. లాడ్జికి సరిపడా డబ్బు విడిగా దాచుకోండి. గుమ్మంలో అడుగుపెట్టాక మనసు ఒప్పకపోయినా వెనక్కి వెళ్ళగలగాలి. విదేశీయులైతే రాగానే పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇవ్వాలి. వాళ్ళు దిగిన 24 గంటల్లోపు మేం ఆ వివరాలు ప్రభుత్వానికి తెలిపే ఫారం ఆన్‌లైన్లో నింపాలి, ఇదివరకు దాన్ని ఫారం-సి అనేవారు. అది హోటళ్ళకే అనుకుంటారు, మామూలు ఇళ్ళకు కూడా వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష, భోజనం. ఒక ఫ్రాన్సు అమ్మాయి వచ్చింది. కంచంలో మెతుకు మిగల్చడం తప్పని పెంచారట. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వేసి పెట్టాను. మొత్తం తినేసింది. ఇంకా ఆకలేమోనని మళ్ళీ వడ్డించాను. అదీ తినేసింది. మా అత్తగారు ‘పాపం, ఎన్నాళ్ళయిందో తిండి తిని’ అంటూ మూడోసారి గరిటెత్తారు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు! ఆవకాయ కారమేమో అనుకున్నాం. చివరికి రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని చూపించింది. అప్పుడు మా అత్తగారే ఆ పిల్ల కుడిచెయ్యి పట్టుకుని కంచం మీద అడ్డంగా పెట్టి ‘ఇలా, ఇలా పెట్టాలమ్మా’ అని నేర్పారు. మీరూ నేర్చుకోండి. ఒక్కసారి ‘చాలు’ అంటే ఇక్కడ ఎవరూ నమ్మరు. చెయ్యి అడ్డం పెట్టి మూడుసార్లు అనాలి. పెరుగన్నానికి చోటుంచుకోండి, అది తినకుండా లేస్తే భోజనం బాగోలేదని లెక్క.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు దారినపోయేవాళ్ళకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టేవారట. 1909లో పోయారు, ఇప్పటికీ ఇక్కడ అన్నం పెట్టే మాట వస్తే ఆవిడ పేరే ముందు. ఆవిడ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేదంటారు. నేను ఆవిడను కాదు. పొద్దున్నే అయిదింటికి లేవాలి, మోకాళ్ళ నొప్పులు. అందుకే రెండు రాత్రులు దాటొద్దంటాను. మూడో రోజు మా వారు ‘ఉండండి’ అన్నా సరే, నా వైపు కూడా ఒకసారి చూడండి.

డబ్బు మాత్రం చేతికివ్వకండి, చిన్నబుచ్చుకుంటాం. మీ ఊరి మిఠాయో, పచ్చడో తెండి. తిన్న కంచం తీసి కడగబోతే ముందు వద్దంటాను, రెండోసారి వద్దనను. వెళ్ళాక రెండు రోజుల్లో రిఫరెన్సు రాయండి, తర్వాత మర్చిపోతారు.

బయల్దేరేటప్పుడు ‘వెళ్తున్నా’ అనకూడదు, ‘వెళ్ళొస్తాను’ అనాలి. అప్పుడు మా వారు కొబ్బరికాయలు తెస్తారు. ఫ్రాన్సు అమ్మాయి సైకిలుకి ఎనిమిది కట్టారు. నేను ఆరు విప్పేశాను. గేటు దాకా వెళ్ళాక చూస్తే, మళ్ళీ నాలుగున్నాయి.