పాత రాగి నాణేలు, పాఠం 3: 1906 కానీల్లో రాగిదేది, కంచుదేది?

పోయిన పాఠంలో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) నాణేలు చూశాం: 1808 నాటి ఇరవై కాసుల బిళ్ళ, 1835లో వచ్చిన పావు అణా. ఈసారి విక్టోరియా రాణిగారి కానీలు, ఆమె కొడుకు ఎడ్వర్డ్ కానీలు. పావు అణానే మన పెద్దలు కానీ అనేవారు.

రాణి బొమ్మ ఉన్న కానీలు 1862 నుంచి వచ్చాయి. చేతులు మారి మారి నాణెం మీది ఏడాది అంకె అరిగిపోయినా దిగులు పడొద్దు. బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాలు చూడండి. ‘విక్టోరియా క్వీన్’ అని ఉంటే 1877కి ముందుది. ‘ఎంప్రెస్’ అని ఉంటే ఆ ఏడాదిదో, ఆ తర్వాతదో. ఆమెను సామ్రాజ్ఞిగా చాటింది 1877లోనే కదా.

అసలు చిక్కు 1906తో. ఆ ఏడాది ఎడ్వర్డ్ కానీలు రెండు రకాలు వచ్చాయి: పాత పద్ధతి రాగివి, కొత్తగా కంచువి. రంగు చూసి తేల్చేద్దామని మొదట్లో నేనూ అనుకున్నాను. కందుకూరులో (ప్రకాశం జిల్లా) మా అవ్వ రేకు డబ్బాలో దొరికిన నాలుగు కానీలను చింతపండుతో తోమేశాను. నాలుగూ ఒకేలా మెరిశాయి! రంగు తేడా పోయింది, నూరేళ్ళ నల్లటి పూత పోయింది, దాంతో వాటి ధరా పోయింది. మీరు మాత్రం తోమకండి.

తేల్చేది కాటానే. బంగారు కొట్లో ఉండే కాటా చాలు. రాగి కానీ 6.48 గ్రాములు, కంచుది 4.86. ఎంత అరిగినా గ్రామున్నర తరుగు పోవడం కష్టం, కాబట్టి 6 దాటి తూగితే రాగిదే. రెండూ పక్కపక్కన పెట్టి అంచు చూసినా తెలుస్తుంది, రాగిది మందంగా ఉంటుంది. 1906 దాటాక మామూలుగా వాడుకలోకి వచ్చినవి కంచువే.

మధ్యలో ఒక మాట. రాముడి పట్టాభిషేకం బొమ్మతో, ‘1818’, ‘అర అణా’ అని రాసున్న బిళ్ళను లక్షలు పలుకుతుందని ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. కుంఫిణీ అలాంటి నాణెం వెయ్యనే లేదు.

ఈ వారం పని: ఇంట్లోనో, పాత సామాన్ల కొట్లోనో అయిదు కానీలు సంపాదించండి. ఒక్కోదానికీ బొమ్మ, చుట్టూ అక్షరాలు, ఏడాది, తూకం, ఈ వరసలో నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చే పాఠంలో అణాలో పన్నెండో వంతు నాణెం చూద్దాం. చిన్నది, భూతద్దం దగ్గర పెట్టుకోండి.