గోడకు గ్లేజు పూత – మూడవ పాఠం: తడి అంచును నిలుపుకోవడం

కిందటి పాఠంలో గోడకు పుట్టీ పెట్టి, సాండ్ పేపరుతో రుద్ది, ప్రైమరు మీద కొద్దిగా మెరిసే శాటిన్ రకం అడుగు రంగును రెండు చేతులు వేయడం వరకు వచ్చాము. ఆ రంగు వేసి కనీసం 24 గంటలు గడిచిన తరువాతనే ఈ పాఠంలోని పనికి, అంటే అడుగు రంగు మీద గ్లేజు అనే పారదర్శకమైన పూత పూసి, అది తడిగా ఉండగానే గుడ్డతో అద్దే పనికి పూనుకోవాలి. అడుగు రంగు మెరుపు లేని మ్యాట్ రకమైతే గ్లేజును తాకీ తాకగానే పీల్చివేస్తుంది, గుడ్డతో ఎంత అద్దినా మచ్చలే మిగులుతాయి; శాటిన్ పొర ఉంటేనే గ్లేజు పైన నిలిచి మనం కదిలించడానికి వీలిస్తుంది.

పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాలలోని పాత ఇళ్లలో చేసేవారు ముందుగా గోడలోని చెమ్మను పరీక్షించాలి. సున్నపు గారతో కట్టిన గోడ ఒక వానాకాలం తాగిన నీటిని అంత తొందరగా విడిచిపెట్టదు. అడుగు వెడల్పు, అడుగు పొడవు ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి, ఒక రోజు తరువాత విప్పి చూడండి. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే పని వాయిదా వేయవలసిందే. దసరాకు ఇల్లు తయారు కావాలనే తొందర అందరికీ ఉంటుంది, కానీ మన తీరానికి అక్టోబరు తుపానుల నెల: 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఆ నెలలోనే తీరం దాటాయి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఉండే పొడి రోజులే ఈ పనికి అన్నిటికన్నా అనువైనవని నా అభిప్రాయం.

గ్లేజు అంటే దాదాపు రంగులేని, పారదర్శకమైన ద్రవం. నాలుగు పాళ్ల గ్లేజుకు ఒక పాలు రంగు కలపడం సాధారణ పద్ధతి. డబ్బా మీద వేరే కొలత ముద్రించి ఉంటే దానినే పాటించండి. గది మొత్తానికి సరిపడేంత ఒకేసారి కలిపి ఉంచుకోండి, ఎందుకంటే మధ్యలో మళ్లీ కలిపినది మొదటి దానితో సరిగ్గా కలవడం చాలా అరుదు.

ఇక అసలు విషయానికి వద్దాము. నీటితో పనిచేసే గ్లేజు గోడ మీద సుమారు 10 నుంచి 20 నిమిషాల వరకే కదులుతుంది. వేసిన భాగపు అంచు ఆరిపోయాక దాని పక్కన కొత్త గ్లేజు వేస్తే, రెండు పొరలు ఒకదానిపై ఒకటి పడినచోట ముదురు గీత ఏర్పడి, దీపం వెలుగులో గోడ పొడవునా కనిపిస్తుంది. అందుచేత ఈ పని ఇద్దరు చేయాలి: ఒకరు రోలరుతో మూడడుగుల మేర గ్లేజు పూస్తూ ముందుకు సాగుతుంటే, రెండవవారు తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డను నలిపి పట్టుకుని వెనువెంటనే అద్దుతూ రావాలి, అయితే అంచున నాలుగు వేళ్ల వెడల్పు భాగాన్ని అద్దకుండా తడిగానే వదిలి, పక్క భాగం పూసిన తరువాత రెండింటినీ కలిపి అద్దాలి. భాగాల సరిహద్దు నిలువు గీతలా కాక వంకరటింకరగా ఉండనివ్వండి. పాత పంచె గుడ్డ ఇందుకు ఎంతో మంచిది, చాలాసార్లు ఉతికినది కాబట్టి పోగులు ఊడవు. ప్రతి అద్దుకూ చేతిని కొద్దిగా తిప్పాలి, లేకపోతే ఒకే ముద్ర వరుసగా పడి అచ్చువేసినట్లు కనిపిస్తుంది. పని నడుస్తున్నంతసేపు ఫ్యాను ఆపి ఉంచండి. గది మూల నుంచి మొదలుపెట్టి, గోడ పూర్తయ్యేవరకు ఆగకండి. భోజనానికి ఆగవలసివస్తే మూల దగ్గరే ఆగాలి.

మూలలలో గ్లేజు పేరుకోకుండా ఉండాలంటే మొదటి రోజు ఎదురెదురు గోడలు రెండూ, అవి ఆరాక మరునాడు తక్కిన రెండూ చేయండి, ఆరిన గోడల అంచుకు మాస్కింగ్ టేపు అంటించి.

ఎక్కడైనా మచ్చ పడితే, తడిగా ఉన్నంతలో తడిగుడ్డతో తుడిచి మళ్లీ పూయవచ్చు. ఆరిపోయిన తరువాత మాత్రం గీకవద్దు. మరునాడు పలుచని గ్లేజు గోడంతటికీ మరొక చేయి వేస్తే చాలావరకు కలిసిపోతుంది.

వచ్చే పాఠానికి ముందు, ఇదే అడుగు రంగు వేసిన రెండు ప్లైవుడ్ ముక్కలను పక్కపక్కన నిలబెట్టి, అతుకు కనపడకుండా గ్లేజు పూయడం సాధన చేయండి. స్పాంజితో అద్దే పద్ధతిని ఆ ముక్కల వెనుక వైపున మొదలుపెడదాము.