మంచు దారుల్లో ట్రావెల్ ట్రైలర్‌ను దూర ప్రయాణానికి తీసుకువెళ్లడం

చలికాలంలో ట్రావెల్ ట్రైలర్‌తో, అంటే వాహనం వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంటితో, బయలుదేరేవారు ముందుగా తమ వాహనానికి లాగే శక్తి సరిపోతుందా అని చూస్తారు. మంచు పట్టిన దారి మీద అసలు కష్టం లాగడంలో కాదు, ఆపడంలో ఉంటుంది. లాగే వాహనం వేగం తగ్గించినా, వెనకనున్న రెండు మూడు టన్నుల ట్రైలర్ తన ఊపు కొద్దీ ముందుకే తోసుకువస్తుంది. చక్రాలకు పట్టు లేని చోట ఆ తోపుడుకు వాహనం వెనక భాగం పక్కకు జరిగి, రెండూ తలుపు రెక్కల్లా ఒకదాని వైపు ఒకటి మడుచుకుపోతాయి. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఈ తోపుడును అదుపులో ఉంచడానికే.

మొదటిది బరువు సర్దుబాటు. సామానుతో నిండిన ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను వాహనానికి తగిలించే అమరిక) మీద పడాలి. అంటే 3,000 కిలోల ట్రైలర్‌కు 300 నుంచి 450 కిలోలు. ఆ బరువును మోయగల హిచ్, వాహనం ఉండాలి. ఇంతకంటే తక్కువైతే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, మరీ ఎక్కువైతే వాహనం వెనక కుంగి ముందు చక్రాలు తేలికపడి, స్టీరింగ్ తిప్పినా మంచు మీద బండి మాట వినదు. బరువైన వస్తువులను నేల మట్టంలో, ఇరుసుకు కాస్త ముందుగా ఉంచి, బయలుదేరే ముందు కాటా మీద తూకం వేయించడం మంచిది. అంచనాతో సరిపెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీల సెల్సియస్ తగ్గినప్పుడల్లా టైర్లలో గాలి సుమారు 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. ఎక్కువ గాలి పట్టే ట్రైలర్ టైర్లలో ఇంకొంచెం ఎక్కువే తగ్గుతుంది. అందువల్ల వెచ్చని ప్రాంతం నుంచి చలి ప్రాంతానికి వెళ్లేవారు ప్రతి ఉదయం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. లాగే వాహనానికి నాలుగు చక్రాలకూ చలికాలపు టైర్లు ఉండాలి. మంచు మీద పట్టు కోసం టైర్లకు చుట్టే గొలుసులను వాహనాన్ని నడిపించే చక్రాలకు మాత్రమే తగిలించి ఊరుకోకుండా, బ్రేకులున్న ట్రైలర్ ఇరుసు చక్రాలకు కూడా సిద్ధం చేసుకోవాలి. కొన్ని చోట్ల చట్టమే అలా కోరుతుంది. అయితే ట్రైలర్ టైరుకూ పైనున్న గూటికీ మధ్య గొలుసు పట్టేంత ఖాళీ ఉందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి తొడిగి చూడండి. వణికే చేతులతో, చీకట్లో, దారి పక్కన నేర్చుకునే పని కాదది.

ట్రైలర్ బ్రేకులు ఎంత గట్టిగా పడాలో వాహనం లోపలి నుంచి నియంత్రించే పరికరం బ్రేక్ కంట్రోలర్. పొడి రోడ్డుకు సరిపోయిన దాని అమరిక మంచు మీద ట్రైలర్ చక్రాలను తిరగకుండా బిగించేస్తుంది. దాన్ని తగ్గించి, ఎవరూ లేని చదునైన చోట నెమ్మదిగా నడుపుతూ పరీక్షించుకోవాలి. వేగాన్ని దానంతట అదే ఒకేలా ఉంచే క్రూయిజ్ కంట్రోల్ వాడకూడదు. వాలు దిగే ముందే తక్కువ గేరులోకి రావాలి. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు, మంచుపై పలుచని నీటి పొర ఉండటం వల్ల, గడ్డ చలిలో కంటే జారుడు ఎక్కువని, కిందనుంచి కూడా చల్లగాలి తగిలే వంతెనలు ముందుగా గడ్డకడతాయని గుర్తుంచుకోవాలి. ట్రైలర్ ఊగితే యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్‌ను నిలకడగా పట్టుకుని, ట్రైలర్ బ్రేకును మాత్రం చేత్తో మెల్లగా వేయాలి. కానీ దాని చక్రాలు బిగుసుకుని అది పక్కకు జారుతున్నట్టు అద్దంలో కనిపిస్తే, వెంటనే బ్రేకు వదిలి చక్రాలను దొర్లనివ్వాలి.

ఎల్ఈడీ దీపాలు వేడెక్కవు కాబట్టి వాటి మీద పడిన మంచు కరగదు. ఆగిన ప్రతిసారీ వెనక దీపాలు తుడవాలి.

నీటి విషయంలో నా సలహా ఒకటే: గొట్టాలు ఖాళీ చేసి వెళ్లండి. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బి గొట్టాలను, పంపును పగలగొడుతుంది. ట్యాంకులు, నీళ్ల హీటరు ఖాళీ చేసి, ప్రొపిలిన్ గ్లైకాల్‌తో చేసిన యాంటీఫ్రీజ్‌ను (గడ్డకట్టకుండా కాపాడే ద్రవాన్ని) గొట్టాల్లోకి పంపాలి; ఇంజిన్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని తాగునీటి గొట్టాల దగ్గరికి రానివ్వకూడదు. తాగడానికి నీళ్లు డబ్బాల్లో వాహనం లోపలే పెట్టుకోవచ్చు.

పొయ్యికి, హీటరుకు వాడే గ్యాసుల్లో బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మాత్రం మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది, కాబట్టి ప్రొపేన్ సిలిండర్ ఎంచుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను సున్నా కంటే తక్కువలో చార్జ్ చేస్తే పాడవుతాయి. వెచ్చదనం కోసం వంట పొయ్యి వెలిగించి నిద్రపోవడం ప్రాణాంతకం. రాత్రి కురిసిన మంచు హీటరు పొగగొట్టాన్ని మూసేసినా కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు లోపలే చేరుతుంది, కనుక దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో పడుకునే ముందు నొక్కి చూడాలి.

రాత్రికి నిలిపినప్పుడు చక్రాల కింద చెక్కలు వేసి, ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టాలి. ఉదయం పైకప్పు మీది మంచు దించిన తరువాత కొన్ని మీటర్లు మెల్లగా నడిపి, ట్రైలర్ చక్రాలన్నీ తిరుగుతున్నాయో లేదో ఒకరిని కిందనుంచి చూడమనాలి. బ్రేకు గడ్డకట్టి తిరగని చక్రం మంచు మీద చప్పుడు చేయకుండా జారుతూ వస్తుంది, నడిపేవారికి తెలియదు.